మాట్లాడుకోవచ్చు, హక్కు మాత్రం అడక్కండి

2022లో మా ఆవిడ ఆస్ట్రేలియా పౌరసత్వ పరీక్షకి చదువుతోంది. పరీక్ష పెద్దదేం కాదు. 20 ప్రశ్నలు, 45 నిమిషాలు, 75 శాతం వస్తే చాలు. కాకపోతే 2020 నవంబరు నుంచి ఒక మెలిక పెట్టారు. ఆ ఇరవైలో అయిదు ప్రశ్నలు "ఆస్ట్రేలియా విలువల" మీద ఉంటాయి, ఆ అయిదూ కరెక్టుగా రాయాలి, ఒక్కటి తప్పినా మొత్తం ఫెయిలే. ఆ విలువల్లో వాక్ స్వాతంత్ర్యం ఒకటి. రాత్రి అన్నాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద ప్రభుత్వం వాళ్ల పుస్తకం ప్రింటౌట్ పరుచుకుని, హైలైటర్‌తో గీతలు గీస్తూ అడిగింది: "ఏమండీ, ఈ వాక్ స్వాతంత్ర్యం వీళ్ల రాజ్యాంగంలో ఎన్నో ఆర్టికలు? మనకి పంతొమ్మిది కదా."

ఆవిడ గుంటూరులో కొన్నాళ్లు సోషల్ టీచరుగా చేసింది. ఆర్టికల్ నంబరు లేకపోతే ఆవిడకి హక్కు హక్కులా అనిపించదు.

"లేదు" అన్నాను.

"నంబరు తెలియకపోతే తెలియదని చెప్పండి."

"నంబరు కాదు, అసలు ఆర్టికలే లేదు."

నమ్మలేదు. ఫోన్లో రాజ్యాంగం పీడీఎఫ్ దింపుకుని కూర్చుని వెతికింది. ఎంత వెతికినా వాక్ స్వాతంత్ర్యం అన్న మాట కనపడలేదు. మతం విషయంలో కేంద్ర ప్రభుత్వం వేలు పెట్టకూడదని 116వ సెక్షను ఉంది. పెద్ద నేరాలకి కేంద్ర చట్టం కింద కేసు నడిస్తే జ్యూరీ ఉండాలని 80వ సెక్షను ఉంది. ఒక రాష్ట్రం వాడివని ఇంకో రాష్ట్రంలో వివక్ష చూపకూడదని ఇంకోటి. ప్రభుత్వం నీ ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలని మరోటి (భూసేకరణ గొడవలు చూసిన మా గుంటూరు వాళ్లకి బాగా నచ్చే సెక్షను ఇది). అంతే, దాదాపుగా. మాట్లాడే హక్కు, గుమిగూడే హక్కు, సమానత్వపు హక్కు, విచారణ లేకుండా జైల్లో పెట్టకూడదన్న హక్కు, వీటిలో ఏదీ ఆ కాగితం మీద లేదు. అసలు దేశం మొత్తానికి హక్కుల చట్టం అంటూ ఒక్కటీ లేని ప్రజాస్వామ్యం పాశ్చాత్య దేశాల్లో ఇదొక్కటే అని ఇక్కడి లాయర్లు తరచూ చెప్పుకుంటారు.

"మరి పరీక్షలో ఏం రాయాలి?" అంది.

"ఉందనే రాయి. లేదని రాస్తే ఫెయిల్ చేస్తారు."

నేను ఇక్కడికొచ్చింది 2008లో, చదువుకోవడానికి. పదిహేనేళ్ల పైమాటే అయింది. ఈ దేశంలో నోరు విప్పడానికి భయపడాల్సిన పరిస్థితి లేదు అన్నది నిజం, దాన్ని కాదనను. ప్రధానమంత్రిని రేడియోలో అడ్డంగా తిడతారు, కార్టూన్లేస్తారు, పొద్దున తిట్టినవాడు మధ్యాహ్నం అదే ఆఫీసులో హాయిగా భోంచేస్తాడు. కాబట్టి మన వాళ్లతో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే జవాబు, "అన్నా, రాసి ఉన్న మన దేశంలో ఏం జరుగుతోందో చూడు, రాయకుండానే వీళ్లు ఎంత హాయిగా ఉన్నారో చూడు." చాలాకాలం నేనూ అదే అన్నాను. ఇప్పుడు అనలేకపోతున్నాను. నాకు ఇది అగ్రిమెంటు లేకుండా అద్దెకున్న ఇల్లులా కనపడుతోంది. ఓనరు మంచివాడు, పండక్కి అరిసెలు పంపిస్తాడు, మేకు కొట్టుకోనిస్తాడు. ఖాళీ చెయ్యమన్న రోజున మాత్రం చేతిలో చూపించడానికి కాగితం ఉండదు. ఖాళీ చెయ్యమని ముందుగా ఎవరికి చెబుతాడు అంటే, వీధిలో అందరికంటే ఆఖరున వచ్చి చేరినవాడికి.

ఈ కాగితం ఎందుకు లేదో తెలుసుకున్నాక నాకు అసలు విషయం అర్థమైంది. మర్చిపోయి వదిలేసింది కాదు. 1890లలో రాజ్యాంగం రాసుకునే రోజుల్లో టాస్మేనియాకి చెందిన ఆండ్రూ ఇంగ్లిస్ క్లార్క్ అనే పెద్దాయన, అమెరికా రాజ్యాంగం బాగా చదివినవాడు, చట్టం ముందు అందరూ సమానమే, న్యాయ ప్రక్రియ లేకుండా ఎవరి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి తీసుకోకూడదు అని ఒక సెక్షను పెడదామన్నాడు. 1898లో మెల్‌బోర్న్ సభలో దాన్ని కొట్టేశారు. ఎందుకయ్యా అంటే, అలాంటిది పెడితే ఆసియావాళ్లని, ఆఫ్రికావాళ్లని గనుల్లోంచీ పనుల్లోంచీ దూరం పెట్టే మా చట్టాలు నిలబడవు కదా అని. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివాడు) జాన్ ఫారెస్ట్ ఈ మాట దాచకుండా, రంగు మనుషులు రావడం మీద దేశమంతా వ్యతిరేకత ఉంది, కళ్లు మూసుకుని లాభం లేదు అని సభలోనే చెప్పాడు. 1901 జనవరి 1న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది కొత్త పార్లమెంటు చేసిన తొలి చట్టాల్లో ఒకటి వలసల నియంత్రణ చట్టం. దిగినవాడికి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటల డిక్టేషన్ పెట్టి ఫెయిల్ చేసి పంపించేసే పద్ధతి అది. అంటే వివక్ష చూపించడానికి అడ్డం రాకూడదని హక్కుల్ని పక్కన పెట్టారు. పక్కన పెట్టింది మనలాంటి వాళ్లని దూరం పెట్టడం కోసమే. ఆ సభ జరిగిన స్ప్రింగ్ వీధి పార్లమెంటు భవనం ముందునుంచి ఎన్నోసార్లు ట్రాములో వెళ్లాను, ఈ సంగతి తెలిశాక ఆ మెట్లు చూస్తే ఇదివరకటిలా అనిపించదు.

సరే, మరి కోర్టులు ఏం చేస్తున్నాయి? చేశాయి, కొంత. 1991లో హాక్ ప్రభుత్వం ఎన్నికలప్పుడు టీవీలో, రేడియోలో రాజకీయ ప్రకటనలు నిషేధిస్తూ చట్టం చేసింది. టీవీ చానళ్లు హైకోర్టుకి వెళ్లాయి (ఇక్కడ హైకోర్టు అంటే మన సుప్రీంకోర్టు లాంటిది, దేశానికి ఒక్కటే, కాన్‌బెర్రాలో). 1992లో జడ్జీలు ఒక తెలివైన దారి పట్టారు. పార్లమెంటు సభ్యుల్ని "ప్రజలు నేరుగా ఎన్నుకోవాలి" అని రాజ్యాంగంలో ఉంది కదా, రాజకీయం గురించి మాట్లాడుకోకుండా ఎన్నుకోవడం ఎలా కుదురుతుంది, కాబట్టి ఆ స్వేచ్ఛ ఆ మాటలోనే ఇమిడి ఉంది అన్నారు. ప్రకటనల నిషేధం ఎగిరిపోయింది. 1997లో న్యూజిలాండ్ మాజీ ప్రధాని డేవిడ్ లాంగీ వేసిన పరువు నష్టం కేసులో ఏడుగురు జడ్జీలూ ఏకమై దీన్ని ఖాయం చేశారు. ఖాయం చేస్తూనే ఒక గీత కూడా గీశారు, ఇది వ్యక్తికిచ్చే హక్కు కాదు, చట్టాలు చేసేవాళ్ల చేతికి ఒక హద్దు మాత్రమే అని.

ఇది నిజంగా పనిచేసిన సందర్భాలున్నాయి. 2000లో క్వీన్స్‌లాండ్‌లోని టౌన్స్‌విల్‌లో పాట్రిక్ కోల్‌మన్ అనే లా విద్యార్థి నడి బజార్లో నిలబడి, ఇక్కడి పోలీసులు అవినీతిపరులు అని కరపత్రాలు పంచాడు. ఆ కరపత్రంలో పేరున్న కానిస్టేబులే ఎదురుగా వచ్చి అదేంటో చూపించమంటే, ఇదిగో ఈయనే ఆ అవినీతి పోలీసు అని నలుగురూ వినేలా అరిచాడట. 1931 నాటి దేశదిమ్మరుల చట్టం కింద, అవమానకరమైన మాటలు అన్నాడని శిక్ష వేశారు. 2004లో హైకోర్టు నలుగురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు చీలి ఆ శిక్ష కొట్టేసింది. పోలీసులతో పెనుగులాడినందుకు వేసిన శిక్షలు మాత్రం అలాగే ఉండిపోయాయి. నాకు ఈ కేసంటే ముచ్చట. టౌన్స్‌విల్ బజారు ఎక్కడ, హైకోర్టు ఎక్కడ! టాస్మేనియాలో అడవుల నరికివేతకి అడ్డం పడ్డవాళ్లని అరెస్టు చేసే చట్టాన్ని కూడా 2017లో బాబ్ బ్రౌన్ అనే మాజీ సెనేటర్ ఇదే దారిలో వెళ్లి పడగొట్టాడు.

ఇప్పుడు రెండోవైపు చూడండి. మికేలా బెనర్జీ అనే ఆవిడ కాన్‌బెర్రాలో ఇమిగ్రేషన్ శాఖ ఉద్యోగి. పేరు దాచుకుని, వేరే పేరుతో ట్విట్టర్లో శరణార్థుల పట్ల ప్రభుత్వ విధానం మీద విమర్శలు రాసేది. తొమ్మిది వేల పైచిలుకు ట్వీట్లు. దాదాపు అన్నీ ఆఫీసు టైము బయట, ఇంట్లో కూర్చుని రాసినవి, ఆఫీసు రహస్యం ఒక్కటీ బయటపెట్టలేదు. రాసింది ఆవిడే అని తేలాక 2013లో ఉద్యోగం పోయింది. 2019 ఆగస్టులో హైకోర్టు జడ్జీలందరూ ముక్తకంఠంతో ప్రభుత్వానిదే రైటు అన్నారు. ప్రభుత్వోద్యోగి నిష్పక్షపాతంగా ఉండాలి, కనపడాలి, అందుకోసం ఆ నియమం సబబే, ఇక నీకు మాట్లాడే హక్కు ఉందా అంటావా, అది వ్యక్తిగత హక్కు కాదని మేం ఎప్పుడో చెప్పాం కదా అని. చదువుతుంటే తీర్పులో తర్కం ఎక్కడా తప్పు కనపడదు, అదే నన్ను ఇబ్బంది పెట్టింది. ఉన్న చట్టం ప్రకారం అది సరైన తీర్పే. లోపం జడ్జీలది కాదు, వాళ్ల ముందున్న కాగితానిది.

ఇదంతా తెల్లవాళ్లూ, లాయర్లూ చూసుకునే గొడవ అనుకునేవాడిని నేను కూడా, 2021 మే దాకా.

ఆ ఏప్రిల్ ఎలా గడిచిందో మీకు చెప్పక్కర్లేదు. ఇండియాలో రెండో వేవ్. పొద్దున్నే ఫోన్ తియ్యాలంటే భయం. మా టార్నీట్‌లో (మెల్‌బోర్న్ పడమటి వైపు, సందుకో తెలుగు ఇల్లు ఉండే చోటు) రెండు వీధుల అవతల ఉండే మిత్రుడు, వాళ్ల నాన్నగారికి సీరియస్ అని తెలిసి, కోవిడ్ కాలంలో దేశం దాటడానికి కావాల్సిన మినహాయింపు తీసుకుని తెనాలి వెళ్లాడు. ఆయన పోయారు. పెద్దకర్మ అయ్యేసరికి ఇండియానుంచి ఇక్కడికొచ్చే విమానాలు ఆపేశారు. ఆపితే ఆపారు, మే 1 తెల్లవారేసరికి వచ్చిన ప్రకటన మాత్రం ఎవరం ఊహించనిది. గత 14 రోజుల్లో ఇండియాలో ఉన్నవాళ్లు ఆస్ట్రేలియాలో అడుగుపెడితే అయిదేళ్ల వరకూ జైలు, లేదా 66,600 డాలర్ల జరిమానా, లేదా రెండూ. పౌరులకి కూడా. మే 3 నుంచి అమలు. అప్పటికి దాదాపు 9,000 మంది ఆస్ట్రేలియన్లు ఇండియాలో చిక్కుకుపోయి ఉన్నారు. 2020లో అమెరికాలో, బ్రిటన్‌లో శవాలు గుట్టలుగా పడుతున్నప్పుడు అక్కడినుంచి వచ్చే సొంత పౌరుల మీద జైలు బెదిరింపు ఎవరూ పెట్టలేదు.

ఆస్ట్రేలియా పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, సొంత ఇంటికి వస్తే నేరం. నేను ఆ ప్రకటన మూడుసార్లు చదివాను, ఎక్కడో తప్పు అర్థం చేసుకున్నానేమో అని.

బెంగళూరులో చిక్కుకుపోయిన 73 ఏళ్ల గారీ న్యూమన్ అనే పౌరుడు ఫెడరల్ కోర్టుకి వెళ్లాడు. తన దేశానికి తాను తిరిగి రావడం పౌరుడికి అనాదిగా ఉన్న హక్కు అని ఆయన లాయర్లు వాదించారు. మే 10న జడ్జి ఆ వాదనని తోసిపుచ్చాడు. అనాదిగా ఉన్న హక్కు అంటే ఇక్కడ అలవాటుగా వస్తున్న హక్కు అని అర్థం, పార్లమెంటు స్పష్టంగా చట్టం చేస్తే అది పక్కకి జరగాల్సిందే. 2015లో చేసిన బయోసెక్యూరిటీ చట్టంలో, ఆరోగ్య మంత్రి ఇచ్చే అత్యవసర ఆదేశం మిగతా ఏ చట్టంతో పనిలేకుండా చెల్లుతుందని రాసే ఉంది. ఇక చెప్పేదేముంది? "ఎవరినీ తమ సొంత దేశంలోకి రాకుండా నిరంకుశంగా అడ్డుకోకూడదు" అన్న ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద ఆస్ట్రేలియా 1980లోనే ఆమోదముద్ర వేసింది. వేసి ఏం లాభం, దాన్ని ఇక్కడి చట్టంగా మార్చనిదే కోర్టులో పనికిరాదు.

నిషేధం మే 15న ముగిసింది, ఎవరినీ జైల్లో పెట్టలేదు, అది కూడా చెప్పాలి. ఎందుకు ముగిసింది? ఏ కోర్టూ కొట్టేయలేదు. ఆదేశంలో పెట్టిన గడువే అది, పొడిగించలేదంతే. జనం తిట్టారు. క్రికెట్ కామెంటేటర్ మైకేల్ స్లేటర్ నుంచి మెడికల్ అసోసియేషన్ దాకా తిట్టారు. చివరికి ఆండ్రూ బోల్ట్ అనే కాలమిస్టు, వలసల మీద రాతలకి పేరుమోసినవాడు, ఇంగ్లండ్ నుంచి వచ్చే తెల్లవాళ్ల మీద ఇలాంటిది పెట్టేవాళ్లా అని రాశాడు. మన తరఫున బోల్ట్ మాట్లాడాల్సి వచ్చింది, అక్కడిదాకా వచ్చింది పరిస్థితి! ఓనరు పట్టుబట్టలేదు గనక బయటపడ్డాం గానీ అగ్రిమెంటు చూపించి కాదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే డాక్టర్ మొహమ్మద్ హనీఫ్. 2007 జులై 2న, పుట్టిన బిడ్డని చూడ్డానికి బెంగళూరు బయల్దేరిన ఈ గోల్డ్‌కోస్ట్ ఆసుపత్రి డాక్టర్ని బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. బ్రిటన్‌లో జరిగిన ఉగ్రవాద దాడి కేసులో చిక్కుకున్న దూరపు బంధువు దగ్గర ఈయన పాత సిమ్ కార్డు ఉందట. 12 రోజులు ఏ అభియోగం లేకుండా ఉంచారు. తర్వాత కేసు పెట్టారు, కోర్టు బెయిలిచ్చింది, బెయిలిచ్చిన కొద్ది గంటలకే మంత్రి వీసా రద్దు చేశాడు. సిమ్ కార్డు దాడి చేసిన జీపులో దొరికిందని కోర్టుకి చెప్పిన మాట అబద్ధమని తేలింది, అది ఎక్కడో లివర్‌పూల్‌లో ఉంది. నెల తిరక్కుండా కేసు ఎత్తేశారు, తర్వాత విచారణ కమిషన్, ఆ తర్వాత 2010లో పరిహారం. ఇందులో నాకు ఎప్పుడూ గుర్తుండేది ఆయన లాయర్ స్టీఫెన్ కీమ్. పోలీసులు తమకి నచ్చిన ముక్కలు పత్రికలకి లీకు చేస్తుంటే, తట్టుకోలేక ఇంటరాగేషన్ రికార్డు మొత్తం ఒక పత్రికకి ఇచ్చేశాడు. జనం అంతా చదివారు, కేసు తలకిందులైంది. అంటే ఆ డాక్టర్ని కాపాడింది కూడా చివరికి ఒకాయన తెగించి మాట్లాడటమే. ఆ తెగింపుకి ఆ లాయర్ మీదే ఫిర్యాదు పెట్టారు.

వీసా మీద ఉన్నవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒంట్లో ఉంటుంది. 2009 మే నెలాఖరులో, ఒక తెలుగు విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో పొడిచిన వారానికి, వేలమంది ఇండియన్ విద్యార్థులు మెల్‌బోర్న్‌లో ఊరేగింపు తీసి ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ ఎదుట రోడ్డు మీద బైఠాయించారు. నేనూ వెళ్లాను. చలి, మే నెలాఖరు అంటే ఇక్కడ శీతాకాలం మొదలు, కింద కూర్చుంటే ట్రాము పట్టాల చల్లదనం ప్యాంటులోంచి తగిలేది. రాత్రి తొమ్మిదికి పక్కనున్నవాడు మెల్లగా అన్నాడు, "ఒరేయ్, ఫొటోలు తీస్తున్నారు, పీఆర్ ఫైల్లో వస్తుందేమో." (పీఆర్ అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి.) అంతే, ఇద్దరం లేచి ఆఖరి రైలు పట్టుకున్నాం. తెల్లవారుజామున పోలీసులొచ్చి మిగిలినవాళ్లని లాగి పక్కన పడేశారని మర్నాడు టీవీలో చూశాం. విక్టోరియాలో అప్పటికే 2006 నుంచి మానవ హక్కుల చార్టర్ ఉందని, శాంతియుతంగా గుమిగూడే హక్కు అందులో రాసుందని నాకప్పుడు తెలియదు. తెలిసినా లేచేవాడినేమో. ఎందుకంటే వీసా రాష్ట్రం చేతిలో ఉండదు. తర్వాత పీఆర్‌కి అప్లై చేశాక ఒక రాత్రి కూర్చుని, శరణార్థుల శిబిరాల గురించి ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టులు ఒక్కొక్కటీ తీసేశాను. ఎవరూ తియ్యమనలేదు.

అతి భయం అంటారా? 2022 జనవరిలో నొవాక్ జొకోవిచ్ వీసా ఏ కారణంతో రద్దు చేశారో చూడండి. ఆయన ఇక్కడ ఉంటే టీకా వ్యతిరేక భావాలు పెరగొచ్చు అని. ఆయన ఏదో ఉపన్యాసం ఇచ్చాడని కాదు, ఉంటే చాలు, పెరగొచ్చు. ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచి కూడా మంత్రికి ఆ అధికారం ఉందనే చెప్పింది. టెన్నిస్ ఆటగాడు గనక నాలుగు కోట్లకి నలుగురు లాయర్లని పెట్టుకున్నాడు అనుకుందాం, కోల్స్ సూపర్‌మార్కెట్‌లో రాత్రి షిఫ్టు చేసుకునే స్టూడెంటు ఏం చేస్తాడు?

ఇక్కడ ఒక మాట. మన వాళ్లలో వాక్ స్వాతంత్ర్యం అనగానే వెంటనే లేచే చర్చ 18సీ. 1975 నాటి జాతి వివక్ష చట్టంలో 1995లో చేర్చిన సెక్షను అది, జాతి, రంగు కారణంగా ఎవరినైనా బహిరంగంగా అవమానించడం, కించపరచడం, బెదిరించడం చట్టవిరుద్ధం అంటుంది. నేరం కాదు, జైలు లేదు, మానవ హక్కుల కమిషన్‌లో ఫిర్యాదు, రాజీ, కుదరకపోతే కోర్టు. కళకీ, చర్చకీ, నిజాయితీతో చేసిన వ్యాఖ్యకీ మినహాయింపు ఉంది. 2011లో ఇందాకటి బోల్టే దీనికింద కేసు ఓడిపోయాడు. 2014లో అప్పటి అటార్నీ జనరల్ జార్జ్ బ్రాండిస్ సెనేట్‌లో లేచి, మనుషులకి మూర్ఖంగా ద్వేషించే హక్కు కూడా ఉంది అన్నాడు, దీన్ని పలచన చేద్దామని. కుదర్లేదు. 2017లో మళ్లీ ప్రయత్నించారు, సెనేట్‌లో ఓడిపోయింది. 2024 నవంబరులో సెనేటర్ మెహ్రీన్ ఫరూకీని పాకిస్తాన్ వెళ్లిపొమ్మన్న ఇంకో సెనేటర్ పాలిన్ హాన్సన్ ట్వీటు ఈ సెక్షను కిందకే వస్తుందని ఫెడరల్ కోర్టు తేల్చింది, హాన్సన్ అప్పీలుకి వెళ్లింది.

నాకు ఈ సెక్షను కావాలి. రైల్లో మా అమ్మాయి ముందు ఒకడు "మీ దేశానికి పోండి" అన్న రోజున నాకు తత్వశాస్త్రం గుర్తురాలేదు. అయినా నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. స్వేచ్ఛ గురించి ఇంత గొంతు చించుకున్న పెద్దమనుషుల్లో చాలామంది, బెనర్జీ ఉద్యోగం పోయినప్పుడు నోరు మెదపలేదు. 2019 జూన్‌లో ఫెడరల్ పోలీసులు ఒక జర్నలిస్టు ఇంట్లో, మర్నాడే ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ ఆఫీసులో సోదాలు చేశాక పత్రికలన్నీ కలిసి మొదటి పేజీలు నల్ల రంగు పూసి అచ్చేశాయి, బాగానే ఉంది. కానీ ఆ ఏబీసీ కథనాలకి పత్రాలిచ్చిన మాజీ సైనిక లాయర్ డేవిడ్ మెక్‌బ్రైడ్‌కి 2024లో అయిదేళ్ల ఎనిమిది నెలల జైలు పడింది. అఫ్గానిస్తాన్‌లో జరిగిన దారుణాల ఫైళ్లు బయటపెట్టినందుకు. ఎవరి నోటికి స్వేచ్ఛ కావాలో ఏరుకునే వెసులుబాటు ఉండటానికి కారణం, అందరికీ ఒకటే అని చెప్పే కాగితం లేకపోవడమే.

రాసుకున్నంత మాత్రాన ఏమొస్తుంది అనేవాళ్ల దగ్గర బలమైన వాదనలున్నాయి, వాటిని దాటేసి పోలేను. మొదటిది మనదే. 21వ ఆర్టికల్ అక్షరాలా ఉండగానే, ఎమర్జెన్సీలో 1976లో మన సుప్రీంకోర్టు, జైల్లో పెట్టినవాడు కోర్టుకి రావడానికి వీల్లేదంది. రెండోది ఇక్కడిది. 1950లో ప్రధాని మెంజీస్ ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. 1951లో హైకోర్టు కొట్టేసింది. హక్కుల పేరు చెప్పి కాదు, అంత అధికారం నీకు రాజ్యాంగం ఇవ్వలేదు అని. మెంజీస్ రెఫరెండానికి వెళ్లాడు, జనం వద్దన్నారు. ఏ హక్కుల చట్టం లేకుండానే, ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో, జనం తమకి నచ్చని పార్టీ బతికే హక్కు కాపాడారు. ఈ దేశం మీద నాకు గౌరవం పెరిగిన సందర్భాల్లో అదొకటి. అయితే అవునన్నవాళ్లు 49.44 శాతం. ఇంకాస్త అటూ ఇటూ అయితే కథ వేరే. మన 1976 తీర్పు సంగతంటారా, రాసి ఉంది గనకే ఆ రోజు జస్టిస్ ఖన్నా ఒక్కడు ఎదురు తీర్పు రాయగలిగాడు, 2017లో అదే కోర్టు ఆ పాత తీర్పు తప్పని ఒప్పుకోగలిగింది. ఇక్కడ న్యూమన్ కేసు ఏ పాతికేళ్లకో తప్పని తేలాలంటే దేన్నిబట్టి తేలుతుంది?

రాజ్యాంగం మార్చడం అయ్యే పని కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. 45 రెఫరెండాల్లో నెగ్గింది ఎనిమిది. 1988లో జ్యూరీ విచారణ, మత స్వేచ్ఛ లాంటివి కాస్త పెంచుదామంటేనే 31 శాతం కూడా ఓటెయ్యలేదు. పార్లమెంటుకి సలహా ఇచ్చే మూలవాసుల సంఘం (వాయిస్) ప్రతిపాదన 2023లో ఎలా ఓడిందో చూశాం. మామూలు చట్టం చెయ్యొచ్చు కదా, అన్నదే నా గోల. కాన్‌బెర్రా ప్రాంతం 2004లో చేసుకుంది, విక్టోరియా 2006లో, క్వీన్స్‌లాండ్ 2019లో. 1977లో అక్కడి ప్రీమియర్ జో బెల్కే పీటర్సన్ ఊరేగింపుల కాలం అయిపోయిందని ప్రకటించి నిషేధించిన క్వీన్స్‌లాండ్ అది! ఇవి ఉక్కు గోడలేం కావు. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2023లో పిల్లల్ని పోలీసు లాకప్పుల్లో ఉంచడానికి తన హక్కుల చట్టాన్నే పక్కన పెట్టుకుంది. కానీ పక్కన పెడుతున్నాం అని సభలో నిలబడి చెప్పాల్సి వచ్చింది. మా మెల్‌బోర్న్‌లో 2020 జులై 4న తొమ్మిది ప్రభుత్వ అపార్ట్‌మెంట్ టవర్లని నోటీసు లేకుండా పోలీసులతో చుట్టుముట్టి, ఎక్కువమంది వలస కుటుంబాలే ఉండే మూడు వేల మందిని లోపల బంధించినప్పుడు, అది మానవ హక్కుల చట్టానికి విరుద్ధం అని, ప్రభుత్వం మీద ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ అదే ఏడాది డిసెంబరులో రాయగలిగింది. కొలవడానికి ఒక కొలబద్ద ఉంది కాబట్టి. 2025 జూన్‌లో గాజా మీద పోస్టు పంచుకున్నందుకు పని పోగొట్టుకున్న రేడియో యాంకర్ ఆంటోనెట్ లటూఫ్ ఏబీసీ మీద గెలిచి 70,000 డాలర్లు పరిహారం తెచ్చుకుంది. గెలిపించింది రాజ్యాంగం కాదు, రాజకీయ అభిప్రాయం వల్ల ఉద్యోగంలోంచి తియ్యకూడదని ఉద్యోగ చట్టంలో రాసిన ఒక్క సెక్షను.

దేశానికంతటికీ అలాంటి చట్టం చెయ్యమని 2009లో ఫ్రాంక్ బ్రెన్నన్ కమిటీ చెప్పింది, రడ్ ప్రభుత్వం వద్దనుకుంది. 2024లో పార్లమెంటు సొంత కమిటీ మళ్లీ చెప్పింది. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం ఈ దేశంలో 59 వేల పైచిలుకు. స్కూలు జోన్ మారుస్తామంటే ఎంపీ ఆఫీసు ముందు క్యూ కడతాం, గుడి పార్కింగ్ కోసం సంతకాలు సేకరిస్తాం. దీనికోసం ఒక ఈమెయిల్ పంపినవాడు నాకు ఇంకా కనపడలేదు, నేను పంపింది కూడా ఈ మధ్యనే.

మా ఆవిడకి ఇరవైకి ఇరవై వచ్చాయి. వాక్ స్వాతంత్ర్యం ప్రశ్న వచ్చిందట, ఉందనే రాసిందట.

తెనాలిలో చిక్కుకున్న మిత్రుడు తర్వాత స్పెషల్ విమానంలో డార్విన్ వచ్చి, అక్కడి క్వారంటైన్ శిబిరంలో రెండు వారాలుండి ఇల్లు చేరాడు. ఆ మే మొదటివారంలో, కోర్టు తీర్పు ఇంకా రాకముందు, ఒక రాత్రి మా టార్నీట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో అతను ఒక ఫొటో పెట్టాడు. తన ఆస్ట్రేలియా పాస్‌పోర్టు మొదటి పేజీ. ఈ పాస్‌పోర్టు పట్టుకున్న ఆస్ట్రేలియా పౌరుణ్ణి ఏ అడ్డూ ఆటంకం లేకుండా స్వేచ్ఛగా వెళ్లనివ్వాల్సిందిగా గవర్నర్ జనరల్ అందరినీ కోరుతున్నారు అని ఉంటుంది అందులో. కింద అతనేమీ రాయలేదు. ఒకరిద్దరు దణ్ణం బొమ్మలు పెట్టారు. ఇంకొకరు, "ఇది చాలా అన్యాయం, అందరం కలిసి ఎంపీకి రాద్దాం" అని మొదలుపెట్టారు. అయిదు నిమిషాల్లో అడ్మిన్, "దయచేసి గ్రూపులో రాజకీయాలు వద్దు, వీసా ప్రాసెస్‌లో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు" అని పెట్టి ఫొటో డిలీట్ చేశాడు.

అడ్మిన్ నేనే.